ఒక్క రింగు

"ఫోన్లో మాట్లాడితే ఖర్చు, మోగిస్తే ఉచితం. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కించుకున్నావంటే పరాయి దేశంలో నీకు ఇంక తిరుగులేదు బామ్మర్దీ," అన్నాడు సర్దుబాటు ఉల్లిపాయ తరుగుతూ.

తల్లిదండ్రులు పెట్టిన పేరు అతనికి ఒకటి ఉంది. అయితే జీతం ఆలస్యమైనా, కుళాయి రాకపోయినా, పరుపులో నల్లులు పడినా "సర్దుకోవాల్రా" అనే ఒకే మందు అందరికీ పంచుతాడు కాబట్టి గదిలో వాళ్లు ఆ పేరు ఖాయం చేశారు. ఆ పేరంటే అతనికీ ఇష్టమే. ఒకే టీపొడి పొట్లం మూడుసార్లు మరిగించడం, బజారు కట్టేసే వేళకి వెళ్లి మెత్తబడ్డ కూరగాయలు చవగ్గా తేవడం, ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకోవడం, అరిగిపోయిన సబ్బు ముక్కల్ని ముద్ద చేసి ఇంకో వారం లాగడం, ఇవన్నీ ఆ గదికి నేర్పింది అతనే. ఆ విద్యలన్నిటిలోకీ అతనికి గర్వకారణమైంది రింగుల విద్య.

బావమరిది వచ్చి పన్నెండు రోజులైంది. పై పడక మీద కాళ్లు వేలాడేసి కూర్చుని శ్రద్ధగా వింటున్నాడు. ముప్పై ఏళ్లవాడైనా అక్క మొగుడి ముందు బడిపిల్లాడిలా ఉంటాడు.

"ఇంటికి ఒక్క రింగు ఇచ్చి కట్ చేశావనుకో, క్షేమం అని అర్థం. వాళ్లు తిరిగి ఒక్కటి కొడతారు, అక్కడా క్షేమమే అని. రెండు కొడితే సెలవురోజు మాట్లాడతానని. మీ అక్క పదకొండేళ్లలో నా ఫోన్ వారానికొక్కసారి తప్ప ఎత్తలేదు. అంత శిక్షణ."

"మరి గదికో బావగారూ?"

"గదికి ఒకటంటే డ్యూటీ దిగి బయల్దేరాను, అన్నం పడేయమని. రెండంటే ఓవర్‌టైమ్ పడింది, నా వాటా మూతపెట్టి ఉంచమని. అంతే. ఎవడూ ఎత్తడు, ఎవడికీ పైసా ఖర్చు లేదు."

బావమరిది పడక మీంచి ముందుకు వంగాడు. "అర్జంటుగా ఏదైనా చెప్పాల్సొస్తే? ఎత్తమని గుర్తేంటి?"

కింద పడక మీద చొక్కాకి గుండీ కుట్టుకుంటున్న పెయింటరు పకపకా నవ్వాడు. సర్దుబాటు కత్తి పక్కనపెట్టి కళ్ల నీళ్లు మోచేత్తో తుడుచుకున్నాడు.

"ఎత్తమనే గుర్తు లేదు నాయనా. ఎత్తితే ఇంక గుర్తులెందుకు? అర్జంటనేది పడకుండా బతకడమే ఇక్కడ బతకడం."

బావమరిది తలూపాడు. ఆ పద్ధతి అప్పటికే పెళ్లానికి చెప్పేశాడట. పొద్దున డ్యూటీ ఎక్కేముందు ఒకటి, సాయంత్రం దిగాక ఒకటి. ఆమె ఆ ఒక్క రింగుకే మురిసిపోతోందనీ, ఫోన్ కొంగుకి కట్టుకుని తిరుగుతోందనీ చెప్పుకుని సిగ్గుపడ్డాడు. పెయింటరు, పక్క పడక మీది వెల్డరు కలిసి దాని మీద ఓ పావుగంట నవ్వులాట నడిపారు.

ఎంత నేర్పినా ఒక్క పాఠం వాడికి ఒంటబట్టలేదు. మర్నాడు బజారుకి పంపిస్తే ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. నాలుగోసారికి సర్దుబాటు ఏం ప్రమాదమోనని ఎత్తాడు.

"బావగారూ, ఉల్లిపాయలు చిన్నవి చవగ్గా ఉన్నాయి, పెద్దవి బావున్నాయి. ఏవి తేను?"

వాడు సంచితో తిరిగొచ్చేసరికి గదిలో సభ సిద్ధంగా ఉంది. సర్దుబాటు వాణ్ని మధ్యలో నిలబెట్టి, ఫోన్లో అన్న మాటే మళ్లీ అనమన్నాడు. వాడు తలొంచుకుని అన్నాడు. ఇంకోసారి, గట్టిగా అనమన్నాడు. వెల్డరుకి నవ్వు రాలేదు గానీ పెయింటరు మంచం కోడు పట్టుకుని మెలికలు తిరిగాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. అది చూసి కూడా సర్దుబాటుకి ఆపాలనిపించలేదు. పదిమందిలో ఒకణ్ని తక్కువ చేసి మాట్లాడటంలో ఒక రుచి ఉంటుంది. పదకొండేళ్లు సూపర్‌వైజర్ల చేతుల్లో అది తిన్నవాడికి వడ్డించే వంతు ఇన్నాళ్లకి వచ్చింది.

"విను. ఇంకోసారి నువ్వు పదిసార్లు కాదు, వందసార్లు కొట్టినా ఎత్తను. మీ అక్క మీద ఒట్టు."

"సరే బావగారూ," అన్నాడు వాడు.

అన్నాలయ్యాక, గిన్నెలు తోముతూ వాడు నెమ్మదిగా ఇంకో మాట తీశాడు. కంపెనీ కోల్డ్ స్టోరేజీలో వెనక గది తలుపుకి లోపలివైపు పిడి విరిగిపోయిందట. లోపలికెళ్లినప్పుడల్లా తలుపు సందులో చెక్కముక్క పెట్టుకుంటున్నాడట. సూపర్‌వైజరుతో చెప్పమంటారా అని అడిగాడు.

"వచ్చి పట్టుమని పదిహేను రోజులు కాలేదు, అప్పుడే తలుపులూ పిడులూ బాగుచేయిస్తావా? ఆ పిడి విరిగి నెల దాటింది. అందరూ చెక్కముక్కతోనే నెట్టుకొస్తున్నారు. ఫిర్యాదులు చేసేవాడికి పర్మిట్ తిరగరాయరు. సర్దుకోవాలి."

వాడు గిన్నె బోర్లించి చేతులు తుడుచుకున్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సర్దుబాటు పని కూడా ఆ కంపెనీలోనే. అతనిది బయటి హాలు. పెట్టెల మీద లేబుళ్లు అంటించి తోపుడుబండి మీద లారీల దాకా నెట్టాలి. బావమరిదిది లోపలి పని. గడ్డకట్టిన సరుకు పెట్టెల్ని అరల్లోంచి దించి హాల్లోకి అందించాలి. లోపలికెళ్లేవాళ్లకి దూదికూరిన మందపాటి కోట్లున్నాయి, మొత్తం ఆరు. మూడు షిఫ్టులవాళ్లూ అవే ఆరు కోట్లు మార్చి మార్చి వేసుకోవాలి. దిగేవాడు విప్పి కొక్కేనికి తగిలించగానే ఎక్కేవాడు ఆ వెచ్చదనం పోకముందే దూరిపోతాడు.

రెండ్రోజుల తర్వాత, సాయంత్రం షిఫ్టు గంట కొట్టాక బావమరిది కోటు విప్పి తగిలించాడు. తర్వాతి షిఫ్టువాడు అప్పుడే చేతులు దూర్చేశాడు. సర్దుబాటు చేతికంటిన లేబుల్ జిగురు గోటితో గీకుతూ తలుపు దగ్గర వాడికోసం నిలబడ్డాడు. అంతలో సూపర్‌వైజరు కాగితం చూసుకుంటూ వచ్చాడు.

"ఏయ్ కొత్తోడా, వెనక గదిలో మూలన రెండు పెట్టెలు మిగిలిపోయాయి. అవి బయటపడేసి పో."

బావమరిది కొక్కేల వంక చూశాడు. ఆరూ ఖాళీ. కోటేసుకున్న మనిషిని అడుగుదామని నోరు తెరిచాడు.

"నిమిషం పనికి కోటెందుకురా? వాడు విప్పాలి, నువ్వు తొడగాలి, మళ్లీ నువ్వు విప్పాలి. పరిగెత్తి తెచ్చెయ్," అన్నాడు సర్దుబాటు. సూపర్‌వైజరు వింటుండగా తన మనిషి పనిమంతుడనిపించుకోవాలని అతని తాపత్రయం. "నేను పోయి అన్నం పడేస్తా. దిగగానే రింగియ్యి."

వాడు చొక్కా చేతులు కిందికి లాక్కుని, అరచేతులు రుద్దుకుంటూ వెనక గదివైపు పరిగెత్తాడు. జేబులోంచి చెక్కముక్క తీయడం సర్దుబాటు కంటపడింది. అంతవరకు చూసి అతను బయటికి నడిచాడు.

గదికొచ్చి ముఖం కడుక్కుని బియ్యం కడుగుతుంటే ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది.

"బయల్దేరాడు," అని ఎసరు పెట్టాడు.

రెండు నిమిషాల్లో మళ్లీ ఒకసారి మోగి ఆగింది. వెల్డరు తల తిప్పాడు. సర్దుబాటు ముఖం విప్పారింది.

"రెండు! ఓవర్‌టైమ్ పడింది. ఆ రెండు పెట్టెలతో పాటు ఇంకేదో అంటగట్టి ఉంటాడు. పోనీలే, వచ్చినంత వస్తుంది."

మూడోసారి మోగింది. ఒక్కటే. ఆగింది.

"ఇదేం కొత్త లెక్క అన్నా? మూడంటే ఏంటి?" అన్నాడు పెయింటరు.

"మూడంటే ఉల్లిపాయలు," అన్నాడు సర్దుబాటు. గదంతా ఘొల్లుమంది.

నాలుగు. ఐదు. ప్రతిసారీ ఒక్కసారే మోగి టక్కున తెగిపోతోంది. వెల్డరు లేచి కూర్చున్నాడు. అతను మాటలు తక్కువ మనిషి.

"ఎత్తి చూడరాదా అన్నా. ఊరికే ఇన్నిసార్లు కొడతాడా?"

"మొన్న ఉల్లిపాయలకి నాలుగుసార్లు కొట్టాడుగా. ఇప్పుడెత్తితే జన్మలో నేర్చుకోడు. పైగా వాళ్లక్క మీద ఒట్టేశాను."

"పోనీ నేనెత్తనా?"

"నీకెందుకయ్యా మా బావాబామ్మర్దుల గోల?"

వెల్డరు మళ్లీ పడుకున్నాడు. సర్దుబాటు ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాడు. ఆ చేష్టకి పెయింటరు చప్పట్లు కొట్టాడు. అన్నం ఉడుకుతున్నంతసేపూ డబ్బాలోంచి సన్నగా, దూరంగా మోత వినిపిస్తూనే ఉంది. వీళ్లు వేళ్ల మీద లెక్కపెట్టి పందేలు వేసుకున్నారు. పంతొమ్మిది తర్వాత ఆగిపోయింది.

"చూశారా, బుద్ధొచ్చింది," అన్నాడు సర్దుబాటు.

తిన్నారు. బావమరిది వాటా పళ్లెంలో పెట్టి, పైన ఇంకో పళ్లెం బోర్లించాడు. కూరలో మెత్తటి ముక్కలు ఏరి వాడి వైపు వేశాడు కూడా. మనిషి చెడ్డవాడేం కాదు. పడుకునేటప్పుడు కిటికీ సందులోంచి చలిగాలి కొడుతుంటే, పై పడక మీద ఖాళీగా ఉన్న బావమరిది దుప్పటి లాగి తన దుప్పటి మీద కప్పుకున్నాడు. హాయిగా నిద్రపట్టింది.

తెల్లారి డ్యూటీకెళ్లేసరికి హాల్లో ఎవరూ లేబుళ్లు అంటించడం లేదు. అంతా వెనక గది ముందు గుమిగూడి ఉన్నారు. సర్దుబాటుని చూసి గుంపు దారిచ్చింది. అలా అడక్కుండా దారివ్వడం చూసి అతను పరుగున గుమ్మం దాకా వెళ్లాడు.

వెనక గదిని రాత్రి షిఫ్టువాళ్లు తెరవరు. తలుపు సరిగా పడలేదని ఎర్రదీపం వెలుగుతుంటే, ఎవరో దారినపోతూ చెక్కముక్కని కాలితో తన్ని తలుపు నెట్టేశారట. ఎవరో చెప్పేవాళ్లు లేరు. బావమరిది అట్టపెట్టెలు నాలుగు చింపి, వాటిని ఒంటికి చుట్టుకుని, మూలన మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. చెప్పుల మీద కూడా అట్టముక్కలు కట్టుకున్నాడు. తలుపుకి లోపలివైపు, మనిషి నడుమెత్తున, రేకు సొట్టలుపడి ఉంది. కుడిచేయి చంకలో ఇరుక్కుని ఉంటే విడదీయడానికి ఇద్దరు పట్టాల్సొచ్చింది. ఆ చేతిలో ఫోన్ ఉంది. చలికి చచ్చిపోకుండా దాన్ని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాడు.

సర్దుబాటు ఏడవలేదు. వాడి మీద కప్పడానికి ఏదైనా కావాలని అటూ ఇటూ చూశాడు. కొక్కేల మీద ఆరు కోట్లూ ఖాళీగా వేలాడుతున్నాయి. రాత్రి తాను కప్పుకున్న దుప్పటి గుర్తొచ్చి, గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

ఆఫీసుకి పిలుపు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. మన భాష మాట్లాడే గుమాస్తా ఒకడున్నాడు. కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించాడు. సూపర్‌వైజరు కిటికీ పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. ఇటు చూడలేదు.

"మీ బావమరిది ఫోన్ చార్జింగ్ పెట్టి చూశామండీ," అంటూ గుమాస్తా ఫోన్ అతని ముందుకు జరిపాడు. "ఆ గది గోడలు మందం కదా, సిగ్నల్ నిలవదు. ఒకసారి మోగి తెగిపోతుంది. ఆ ఒక్కసారిలోనే ఎవరైనా ఎత్తి ఉంటే ఓ ముక్కైనా వినపడేది. చూడండి, ఎన్నిసార్లు చేశాడో."

'బావగారు', 'బావగారు', 'బావగారు'. గుమాస్తా వేలితో జరుపుతూ పోయాడు. పంతొమ్మిది. ఇంకా కిందికి జరిపినప్పుడు, వాటన్నిటికంటే ముందు చేసినవి మూడు, పేరు లేకుండా వట్టి నెంబరు ఒకటి కనిపించింది. సర్దుబాటుకి ఆ నెంబరు నిద్రలో లేపి అడిగినా వచ్చు. సూపర్‌వైజరుది. కూలోళ్ల ఫోన్లు ఆయనెప్పుడూ ఎత్తడు. గుమాస్తా వేలు చటుక్కున ఫోన్ని బోర్లించింది.

"ఇది చిన్న కాగితం. షిఫ్టు అయ్యాక ఆయన సొంతంగా లోపలికెళ్లారు. సాయం కోసం మీకు పంతొమ్మిదిసార్లు ఫోన్ చేశారు, మీరు ఎత్తలేదు. కంపెనీ మీద మీకు ఫిర్యాదేమీ లేదు. అంతే."

సర్దుబాటు కాగితాన్ని వెనక్కి జరిపాడు. "సొంతంగా వెళ్లలేదండీ. ఆయనే పంపించారు. నేనక్కడే ఉన్నాను. ఆ పిడి కూడా..."

"మీరక్కడే ఉన్నారా?" అన్నాడు గుమాస్తా మెత్తగా. "కోటు లేకుండా వెళ్తుంటే చూస్తూ ఊరుకున్నారా?"

సూపర్‌వైజరు టీ కప్పు కింద పెట్టి మొదటిసారి ఇటు చూశాడు.

"సంతకం పెడితే ఎల్లుండి విమానంలో మనిషిని ఇంటికి పంపించేస్తాం, ఖర్చంతా మాదే," అన్నాడు గుమాస్తా. "వద్దంటే పోలీసులూ, విచారణా. మనిషి ఆసుపత్రి ఐసుపెట్టెలోనే ఉంటాడు, నెలో రెండు నెలలో. ఫోనెత్తనివాడెవడని మొట్టమొదట అడుగుతారు. మీ పర్మిట్ కూడా ఈ నెలాఖరికే కదూ తిరగరాయాల్సింది? మీరు పెద్దవారు, నేను చెప్పాలా? సర్దుకోవాలి మరి."

పదకొండేళ్లుగా తాను అందరికీ పంచిన మందు చేదని సర్దుబాటుకి ఆ పూట తెలిసింది. అయినా మింగాడు. కలం పట్టుకుంటే గోళ్ల సందుల్లో ఎండిపోయిన లేబుల్ జిగురు కనిపించింది. చూపించిన మూడుచోట్లా సంతకం పెట్టాడు. గుమాస్తా ఫోన్ పట్టుకుని లోపలికెళ్లి, కాసేపటికి దాన్నీ, వాడి చేతిగడియారాన్నీ, చొక్కానీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

సాయంత్రం గదికి వెళ్లబుద్ధి కాక, రోడ్డు మలుపులో ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. రోజూ ఇంటికి రింగు ఇచ్చే వేళ అది. ఇవాళ మాట్లాడాలి. ఎలా మొదలుపెట్టాలో పెదాలతో నాలుగైదుసార్లు అనుకుని చూసుకుని, భార్యకి ఫోన్ చేశాడు.

మోగింది. ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది. మరుక్షణం అటునుంచి ఒక్క రింగు వచ్చి తెగిపోయింది. అక్కడా క్షేమమే.

మళ్లీ చేశాడు. ఎత్తవే, ఎత్తవే అని పైకే అన్నాడు. పక్కనుంచి పోతున్నవాళ్లు తిరిగి చూశారు. ఈసారీ ఎత్తలేదు. మళ్లీ ఒక్క రింగు వచ్చింది. పదకొండేళ్ల శిక్షణ మరి. మూడోసారి చేశాడు. నాలుగోసారి చేస్తే టక్కున ఎత్తింది.

"అయ్యో, ఏంటండీ ఇది! పొరపాటున నొక్కుకుపోతోందా ఏంటి మీ ఫోను? బోలెడు ఖర్చు, నేను ఎత్తేశాను కూడా," అంది ఒక్క గుక్కలో. "ఎలాగూ ఎత్తాను కాబట్టి ఒక్క మాట. మా తమ్ముడు రెండ్రోజుల్నుంచి రింగివ్వడం లేదట. పాపం వాడి పెళ్లాం తిండి మానేసి ఫోన్ ముందేసుకుని ఇక్కడే కూర్చుంది. ఎంత డ్యూటీ అయితే మాత్రం, ఒక్క రింగు కొట్టడానికి చేతులు పడిపోయాయా అని అడగండి. ఒక్కటి కొట్టమనండి చాలు, లేచి అన్నం తింటుంది. ఉంటానండీ, దండగ."

"ఇదిగో, విను..." అన్నాడు. అప్పటికే పెట్టేసింది.

మళ్లీ చేయడానికి వేలు బొత్తాం మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. చేస్తే ఈసారి ఎత్తుతుందని అతనికి తెలుసు. ఎత్తితే చెప్పాలి. వాడెలా పోయాడని అడుగుతుంది. మీరెక్కడున్నారని అడుగుతుంది. బియ్యం డబ్బా సంగతి పెయింటరైనా ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో ఒకచోట అనక మానడు.

కవర్లోంచి బావమరిది ఫోన్ తీశాడు. చార్జింగ్ నిండుగా ఉంది. తెరిచి చూస్తే 'బావగారు' అని పంతొమ్మిది ఉన్నాయి. వాటి కింద ఉండాల్సిన మూడూ లేవు, ఎవరో శుభ్రంగా తుడిచేశారు. ఆ కిందంతా 'ఇల్లు', పొద్దునొకటి, సాయంత్రమొకటి.

ఈ పూటకి అన్నం తింటుంది కదా, అనుకున్నాడు. రేపు చెప్పొచ్చు. ఎల్లుండి ఎలాగూ తెలుస్తుంది. అది ఆమె మీద జాలో, తన మీద తనకున్న జాలో తేల్చుకోవడం అతనికి ఇష్టం లేకపోయింది.

'ఇల్లు' నొక్కి, ఫోన్ చెవికి ఆనించి, ఒక్కసారి మోగనిచ్చి కట్ చేశాడు.

ఎదురుచూస్తున్న మనిషి కదా, ఎంతోసేపు పట్టలేదు. చచ్చిపోయినవాడి ఫోన్ అతని చేతిలో ఒక్కసారి మోగి ఆగింది.